మలుపు దగ్గర ఖాళీ

బూడిద బుధవారం

పొద్దున్నే మందిరం పైకెక్కి సోలారు పలకలు తుడిచాను. రాత్రంతా సముద్రపు గాలి. రెండుసార్లు తడిగుడ్డ పెడితే గాని ఉప్పు వదల్లేదు. దిగి వచ్చి కట్ట దీపాలు చూశాను. మేముండే దిబ్బ చుట్టూ సముద్రపు కట్టలో తీగ పాతి ఉంది. ఎక్కడ చెమ్మ చేరితే అక్కడి దీపం పసుపుగా మారుతుంది, నీరు ఊరితే ఎర్రగా. ఆ దీపాల బోర్డు పాస్టరు గదిలో ఉంటుంది కాబట్టి రోజూ చూడటం నా పని. అన్నీ పచ్చగా ఉన్నాయి. కట్ట తిరిగే మలుపు దగ్గరది మాత్రం పసుపు. అక్కడ తీగ పాతది. చెడి ఉంటుంది.

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమల కాలం ఇవాళ మొదలు. సాయంత్రం ఆరాధనకు పైవీధి, కిందివీధి రెండూ వచ్చాయి. నుదుట బూడిద పెడుతుంటే కిందివీధి దీనా మోకరించలేకపోయింది. ఏడో నెల. ఉత్తకాళ్ళతో వచ్చింది. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదని అత్త మార్తమ్మ చెప్పింది.

"ఆరోగ్యప్పెట్టెలో చెయ్యి పెట్టించావా?" అన్నాను.

"పెట్టించాను. రక్తపోటు ఎక్కువంట. ఉప్పు తగ్గించమంది."

"మరి తగ్గించండి."

మార్తమ్మ నా మొహం చూసి, కోడల్ని నడిపించుకుని వెళ్ళిపోయింది.

మొదటి శ్రమల ఆదివారం

ఆరాధన అయ్యాక కట్ట పని. సముద్రం పైకొచ్చిన రోజుల్లో ఈ దిబ్బ మీద నిలిచిన మొదటి పాస్టరుగారు పెట్టిన పద్ధతి ఇది. మట్టి తవ్వే గుంట దగ్గర్నుంచి కట్ట దాకా మనుషులు వరసగా నిలబడి మట్టితట్టలు చేతులు మారుస్తారు. తట్ట ఎత్తేముందు ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని 'సమాధానం' అనాలి, మన మధ్య శాంతి అని. మనసులో ఏదన్నా ఉంటే చెయ్యి ఇవ్వకూడదు. ఒక్క చెయ్యి అందకపోయినా వరస కదలదు. సంగతి తేలాకే పని. ఎవరు ఎవరి పక్కన నిలబడాలో పాస్టరు చెబుతారు.

నేను ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. వరస ఒక్కసారీ ఆగలేదు. బిషప్పుగారు ఈ మాట వేరే దిబ్బల సంఘాలకు చెబుతుంటారని విన్నాను. ఇందులో నా గొప్పేం లేదు. పడనివాళ్ళను పక్కపక్కన పెట్టను, అంతే. నిరుడు పని ముగిశాక మలుపు దగ్గర రెండు వీధుల కుర్రాళ్ళకు మాటామాటా పెరిగి తట్టలు విసురుకున్నారు. అప్పట్నుంచి వరసను రెండు చేశాను. ఉత్తరపు గుంట నుంచి పైవీధివాళ్ళు, దక్షిణపు గుంట నుంచి కిందివీధివాళ్ళు. ఎవరి చివరికి వాళ్ళు వచ్చి ఆగుతారు. అరుపులు లేవు.

ఇవాళ కూడా మధ్యాహ్నానికల్లా ముగిసింది.

మంగళవారం

మార్తమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తాగండి పాస్టరమ్మగారూ."

తాగాను. నోట్లో పోసుకోగానే తెలిసింది. ఉప్పు. సముద్రమంత కాదు. మింగగలిగినంత.

"ఎక్కడివి?"

"మా కుళాయివే. కొద్దికొద్దిగా పెరిగింది. మాకు నాలిక అలవాటు పడిపోయింది. నిన్న మీ ఇంటి వెనక కుళాయి దగ్గర దోసిలి పట్టాను. తియ్యగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది." గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "పెట్టె ఉప్పు తగ్గించమంటది. కూరలో ఉప్పేసి రెండు నెలలైంది. ఇంకెక్కడ తగ్గించాలి?"

మళ్ళీ కుర్చీ చూపించాను. ఆవిడ నిలబడే ఉంది.

"మా వీధి సుగుణకు ఏడో నెలలో బిడ్డ పోయింది. దానికీ ఇట్టాగే కాళ్ళు వాచినయ్. అప్పుడు ఒంటితత్వం అనుకున్నాం. ఇప్పుడు మా పిల్ల వంతు. మీరు అడగండి. ఆదివారం అందరి ముందూ అడగండి."

"ముందు నీళ్ళ మిషను చూసే బర్నబాసుగారితో మాట్లాడతాను అక్కా. తొందరపడొద్దు."

"ఆయన్ని గారు అంటారు, నన్ను అక్కా అంటారు," అంది మార్తమ్మ. "నీళ్ళు కూడా అట్టానే వస్తన్నయ్."

బుధవారం

మిషను గదికి వెళ్ళాను. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే మిషను దిబ్బకంతటికీ ఇదొక్కటే. చూసేది సంఘ పెద్ద బర్నబాసుగారు. నన్ను చూడగానే స్టూలు తుడిచి వేశారు. వచ్చిన పని చెప్పాను. ఆయన కాదనలేదు.

"లోపల వడపోత పొరలు రెండుంటాయమ్మగారూ. ఒకటి బాగుంది. రెండోది అయిపోయింది, ఉప్పు వదిలేస్తోంది. కొత్త పొర వానల ముందు పడవలో గాని రాదు."

"అయిపోయిన పొరను కిందివీధికి పెట్టారు."

"పెట్టలేదు. మొదట్నుంచీ గొట్టాలు అట్టా ఉన్నాయి. రెండో పొర గొట్టం కిందికి పోతుంది. నేను మార్చలేదు, అంతే."

"ఆపెయ్యండి దాన్ని. మంచి నీళ్ళే అందరికీ పంచండి."

"పంచితే ఇంటికి రెండు బిందెలు కాదు, ఒకటే. పైవీధి ఊరుకుంటుందా? ఉప్పు సంగతి తెలిస్తే కిందివీధి ఊరుకుంటుందా? అప్పుడు వరసకి ఎవరొస్తారు? శ్రమల వారం సముద్రపు పోటు మీకు తెలీంది కాదు." ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. "సమాధానం మీరు చూసుకోండి. నీళ్ళు నేను చూసుకుంటాను. ఇన్నేళ్ళూ అట్టాగే నడిచింది."

లేచి బయటికొస్తుంటే వెనకనుంచి అన్నారు, "మీ ఇంటికి ఏ గొట్టం వస్తుందో కూడా ఒకసారి చూసుకోండి."

అదే మధ్యాహ్నం రేడియోలో బిషప్పుగారికి చెప్పాను.  

"పెదమడ సంగతి గుర్తుందిగా తల్లీ," అన్నారు.

గుర్తుంది. పెదమడ సంఘం రెండుగా చీలి మూడు ఆదివారాలు వరస ఆగిపోయింది. ఒక్క పోటుకి కట్ట పోయింది. ఆ దిబ్బవాళ్ళు ఇప్పటికీ పడవల మీదే ఉంటున్నారు.

"పొర వచ్చేదాకా సంఘాన్ని చీలనివ్వకు. వచ్చాక అంతా సర్దుకుంటుంది."

రెండో శ్రమల ఆదివారం

ఓర్పు మీద ప్రసంగం చెప్పాను. ఇచ్చిపుచ్చుకోవాలన్నాను. రెండు వీధులవాళ్ళూ బాగుందన్నారు. బర్నబాసుగారు కూడా చెయ్యి కలిపి చాలా బాగా చెప్పారన్నారు. ఎవరి గురించి చెప్పానో ఎవరికీ తెలియలేదు.

మార్తమ్మ మాత్రం చెయ్యి కలపకుండా వెళ్ళిపోయింది.

గురువారం

రోజూ నా రెండు బిందెల్లో ఒకటి దీనా ఇంట్లో పోసి వస్తున్నాను. మిగిలిన దాంతో నాకు సరిపోతుంది. ఇవాళ మార్తమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మా ఇంటికి మీరు తెస్తన్నారు. సుగుణ ఇంటికి ఎవరు తెస్తారు? రాహేలు ఇంటికి?"

"నాకు చేతనైంది ఇది."

"మీకు చేతనైంది ఇది కాదు. మీకు కష్టం లేంది ఇది."

అయినా బిందె తీసుకుంది. పిల్ల కోసం తీసుకుంది. లోపల్నుంచి దీనా, "అత్తా, ఎందుకట్టా మాట్లాడతావు, పాపం మోసుకొచ్చింది ఆవిడ," అంటోంది.

"మోస్తే ఏం? నేనూ మోశాను నా వయసులో."

తిరిగొచ్చేటప్పుడు మలుపు మీదుగా నడిచాను. కట్ట మీద గడ్డి అక్కడొక్కచోటే బాగా పచ్చగా ఉంది. అందంగా ఉందనుకున్నాను.

మట్టల ఆదివారం

మడచెట్ల కొమ్మలు పట్టుకుని దిబ్బ చుట్టూ తిరిగాం. పిల్లలు బాగా పాడారు. వరస రెండు చోట్లా మామూలుగానే నడిచింది. మలుపు దీపం పసుపే, కాకపోతే వెలుగుతూ ఆరుతోంది. తీగ మార్చమని బర్నబాసుగారికి చెప్పాలి.

పెద్ద గురువారం

దీనాకు నిన్నట్నుంచి తలనొప్పి. ఇవాళ కళ్ళు మసకలు కమ్ముతున్నాయంది. ఆరోగ్యప్పెట్టెలో చెయ్యి పెట్టించాం. పెట్టె ఈసారి ఉప్పు మాట ఎత్తలేదు. వెంటనే డాక్టరును పిలవండి, వెంటనే డాక్టరును పిలవండి అని అంటూనే ఉంది. మార్తమ్మ తీగ పీకేదాకా ఆపలేదు.

డాక్టరు పడవకు రేడియో చేశాను. ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటాకే వస్తుంది, కాబట్టి ఈ వారం పోటు ఏటా పెద్దదే. రేపటి పోటు తగ్గితే గాని పడవ రాదన్నారు. శనివారం తెల్లారాక వస్తామన్నారు.

దీనా నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదుగా అమ్మగారూ?" అంది.

ఏం కాదు అనడం నాకు అలవాటు. ఇవాళ ఆ మాట బదులు తడిగుడ్డ మడిచి నుదుటి మీద వేశాను.

శుభ శుక్రవారం

పొద్దున బోర్డు చూస్తే మలుపు దీపం ఎర్రగా ఉంది. పరుగెత్తాను.

తీగ చెడలేదు. కట్ట చెడింది. ఉత్తరం నుంచి వచ్చే వరస తన చివర అనుకున్న చోట ఆగింది. దక్షిణం వరస తన చివర అనుకున్న చోట ఆగింది. నడుమ ఓ ఇల్లు పట్టేంత జాగాకు ఏడాదిగా ఎవరూ తట్టెడు మట్టి వెయ్యలేదు. మిగతా కట్టకన్నా అక్కడ మోకాలెత్తు తక్కువగా ఉంది. కాలు పెడితే మడమ దాకా దిగింది. లోపలివైపు బొటబొటా ఊట. గడ్డి అందుకే పచ్చగా ఉంది. పడనివాళ్ళను విడదీసి ఆ ఖాళీ వదిలింది నేనే.

బర్నబాసుగారు వచ్చి చూసి, "సాయంత్రం పోటుకి ఆగదు," అన్నారు. "దక్షిణం గుంటలో అంతా ఇసక. ఉత్తరం గుంట మట్టే కావాలి. ఒకటే వరస వెయ్యండి."

ఆరాధన కుదించాం. శుభ శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం ఆనవాయితీ. ఐదో మాట, దప్పిక మాట, ఎప్పుడూ బర్నబాసుగారిదే. ఇవాళా ఆయనే చెప్పారు, కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పారు. ఆయన నిజంగానే ఏడుస్తారు, నటన కాదు. ఆడవాళ్ళ వైపు నుంచి మార్తమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. మిగతా రెండు మాటలూ వదిలేసి అందరం కట్ట మీదికి వెళ్ళాం.

గుంట నుంచి మలుపు దాకా ఒకటే వరస. రెండు వీధులూ ఎక్కడో ఒకచోట కలవాలి. తేలిగ్గా కలిసే ఇద్దరు నాకు తెలుసు. పైవీధి ఆసాపు, కిందివీధి ఓబేదు. ఓబేదు దీనా మొగుడు. ఇద్దరూ ఒకే పడవలో వేటకు వెళ్తారు, ఒకే చుట్ట పంచుకుంటారు. వాళ్ళను పక్కపక్కన పెడితే వరస క్షణంలో కదిలేది.

బర్నబాసుగారిని పిలిచి నిలబెట్టాను. ఆయన పక్కన మార్తమ్మను నిలబెట్టాను. నేను మార్తమ్మ ఇవతల నిలబడ్డాను.

ఉత్తరం చివర్నుంచి చేతులు కలుస్తూ వచ్చాయి. సమాధానం, సమాధానం, సమాధానం. బర్నబాసుగారు చెయ్యి చాపారు. మార్తమ్మ చేతులు చెంగులో చుట్టుకుంది.

"ఇవ్వను."

 కట్ట అవతల నీళ్ళు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి వరస ఆగింది. ఆ చివర్నుంచి ఈ చివరదాకా తలలు నావైపు తిరిగాయి.

"చెప్పండమ్మగారూ ఆవిడకి," అన్నారు బర్నబాసుగారు. "నీళ్ళొస్తున్నాయి."

మార్తమ్మ నన్ను చూడలేదు. కాళ్ళకింది మట్టిని చూస్తోంది. నేను చెప్పబోయేది ఆవిడకు ముందే తెలుసన్నట్టు ఉంది మొహం.

"నాకూ సమాధానం లేదు బర్నబాసుగారూ," అన్నాను. "మిషనులో ఒక పొర పాడైంది. ఆ ఉప్పునీళ్ళు కిందివీధికి పోతున్నాయి. సుగుణ బిడ్డ పోయింది. దీనాకు చూపు పోతోంది. ఇది మీకు తెలుసు. శ్రమల కాలం మొదట్నుంచీ నాకూ తెలుసు. చెప్పలేదు."

ఒక్కసారిగా గోల. పైవీధివాళ్ళు, మాకేం తెలుసు, మాకెవరు చెప్పారు అంటున్నారు. సుగుణ కట్ట మీదే కూలబడింది. ఓబేదు తట్ట కిందకొట్టి మిషను గదివైపు బయల్దేరాడు. వెనకాల మరో నలుగురు, ఒకడి చేతిలో పార.

"పగలగొడితే మంచి పొర కూడా పోద్దిరా ఎదవా!" అని అరిచింది మార్తమ్మ. "నీ పెళ్ళాం ఏం తాగుద్ది, నీ రోషం తాగుద్దా? ఇట్రా!"

ఓబేదు ఆగాడు.

బర్నబాసుగారు నాతో అన్నారు, "ఇప్పుడా అమ్మగారూ? ఇన్నాళ్ళూ ఊరుకుని, నీళ్ళు మెడ మీదికొచ్చాకా?"

"ఇప్పుడే."

"సరే. నన్నొక్కణ్ణే దొంగను చెయ్యకండి." పైవీధివాళ్ళ వైపు తిరిగారు. "ఇంటికి ఒక్క బిందె. వానలు పడేదాకా. ఒప్పుకుంటారా? పసిపిల్లలున్న ఇళ్ళకైనా, ముసలాళ్ళున్న ఇళ్ళకైనా అంతే. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. నాది పైవీధి గొట్టమే కదా. తర్వాత ఆసాపు ఎత్తాడు. వాళ్ళమ్మ వాడి మోచెయ్యి పట్టి కిందికి లాగింది. వాడు మళ్ళీ ఎత్తాడు.

అప్పుడే మలుపులో కట్ట పెళ్ళ విరిగి లోపలికి జారింది. దాని వెనకే నీళ్ళు.

బర్నబాసుగారు వరసలోంచి తప్పుకుని దిగువకు నడిచి వెళ్ళిపోయారు. పెదమడ గుర్తొచ్చింది. ఆయన వెంట పైవీధి మొత్తం పోతుందనుకున్నాను. కొంతమంది అడుగు వేశారు కూడా. ఆయన మిషను గదిలోకి వెళ్ళారు. రాత్రీపగలూ మా చెవుల్లో ఉండే మిషను రెండు మోతల్లో ఒకటి ఆగిపోయింది. రెండోది సన్నగా మిగిలింది. కిందివీధి వాల్వు మంచి పొరకు తిప్పి తిరిగొచ్చి తన చోట నిలబడ్డారు. మోకాళ్ళ దాకా బురద. మళ్ళీ చెయ్యి చాపారు.

మార్తమ్మ చెంగులోంచి చేతులు తీసింది.

"కట్ట నిలబడాలంటే చెయ్యి ఇస్తాను," అంది. "ఆ మాట మాత్రం అనను."

అందరూ మళ్ళీ నన్ను చూశారు. మాట లేకుండా వరస కదలకూడదని పద్ధతి.

"అనొద్దు," అన్నాను.

తట్ట లేచింది.

శనివారం

గండి పూడింది, ఆలస్యంగా. అది పూడేలోగా వచ్చిన నీళ్ళకు మలుపు కింద ఉన్న పైవీధి కూరగాయల మళ్ళన్నీ ఉప్పుపాలయ్యాయి. మందిరంలో చాపలు, పెద్ద గ్రంథం ఉంచే బల్ల, అన్నీ బురద. పొద్దున చేటతో బురద ఎత్తిపోస్తుంటే ఇద్దరు వచ్చారు, వేరువేరుగా.

పైవీధి ఆవిడ, "చెప్పకుండా ఉంటే మా మళ్ళు మిగిలేవి," అంది.

కిందివీధి నుంచి సుగుణ, "ముందే చెప్పుంటే నా బిడ్డ మిగిలేది," అంది. నాకు తెలిసేనాటికే సుగుణ బిడ్డ పోయింది. ఆ లెక్క చెప్పకుండా మళ్ళీ బురద ఎత్తాను.

డాక్టరు పడవ వచ్చి దీనానూ ఓబేదునూ తీసుకెళ్ళింది. మార్తమ్మకు చోటు లేదన్నారు.

ఈస్టరు

ఆరాధన కట్ట మీదే చేశాం. వచ్చినవాళ్ళు తక్కువ. సంఘ పెద్దలు ముగ్గురు సంతకాలు పెట్టి నన్ను మార్చమని బిషప్పుగారికి పంపారట. బర్నబాసుగారు సంతకం పెట్టలేదని ఆసాపు చెప్పాడు. ఎవరు పెట్టారో కనుక్కోమని వాడితో నేను అనలేదు. బిషప్పుగారు రేడియోలో, "మాట్లాడదాం," అని మాత్రం అన్నారు.

ఆరాధన అయ్యాక నీళ్ళు. ఇప్పుడు రెండు వీధులకూ మిషను గది ముందు ఒకటే కుళాయి, ఒకటే క్యూ, ఇంటికి ఒక్క బిందె. మార్తమ్మ ముందుంది. ఆవిడ వెనక బర్నబాసుగారు. ఎవరు ఎక్కడ నిలబడాలో నేను చెప్పలేదు. ఎవరు వచ్చినట్టు వాళ్ళు నిలబడ్డారు.

బిందె నిండుతుండగా ఆయన అడిగారు, "అమ్మాయి ఎట్టా ఉందంట?"

మార్తమ్మ కుళాయి కట్టేసింది. బిందె చంకనెత్తుకుంది.

"ఆడపిల్ల. చిన్నగా ఉందంట, గాజుపెట్టెలో పెట్టారంట. దీనాకు చూపు రాలేదు ఇంకా."

ఆయన బిందె కుళాయి కింద పెట్టారు గాని తిప్పలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయారు. మార్తమ్మ వెళ్ళిపోకుండా రెండడుగుల దూరంలో నిలబడి చూస్తోంది. వెనకవాళ్ళు, ఏంటి, ఏమైంది అని కదులుతున్నారు. ఎవరో నావైపు తిరిగి, "పాస్టరమ్మగారూ, ఏదోటి చెప్పండి," అన్నారు.

 నా ముందు ఇంకా పదిమంది ఉన్నారు. బిందె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నా వంతు కోసం నిలబడ్డాను.